లెక్కలో ఒకడెక్కువ

ఇటేపు కూకో కౌముదీ, ఆ కుర్చీ కాలు ఊగుతాది. ఏటమ్మీ, శనివారం నుంచి జైల్లో పాఠాలు నువ్వు సెప్తావా? మీ తాతగారు సెప్పిన గదిలోనేనా? అయితే ఇది ఇనెల్లు. లక్ష్మీనరసింహం మేస్టారు కాలేజీలో సరిత్ర సెప్పి రిటైరయ్యేరు కదా, ఇంట్లో మీ మామ్మగారు ఇనడం మానీసేరు, అందికని మా ఖైదీల మీద పడ్డారు. నవ్వకు, నిజిమే. జీతం నేదు, బత్తెం నేదు, ప్రెతీ శనివారం గొడుగూ సుద్దముక్కల డబ్బా అట్టుకుని వొచ్చీవోరు. గేటు కాడ వార్డర్ని నాను. జేబులు తడిమితే, ‘కన్నారావూ, కళింగ యుద్ధం ఒక్కటే ఉందయ్యా, పోనీ’ అనీవోరు. యుద్దం లోపలికి అట్టుకెల్డానికి పర్మిషనుందేటండీ అనీవోణ్ణి.

మా ఉద్యోగమంటే లెక్కేనమ్మి. సాయంత్రం తాళాలెయ్యకముందు తలలు లెక్కెట్టాల. ఒకడు తగ్గితే పారిపోయేడని అర్దం, నా ఉద్యోగం పోతాది. ఒకడెక్కువైతే ఏటి సెయ్యాలో ఎక్కడా రాయనేదు. ఓ శనివారం అదే అయ్యింది. నూటపన్నెండుండాల, నూటపదమూడొచ్చింది. మల్లీ లెక్కెట్టేను, మల్లీ అదే. జైలర్ ఒరియాలో ‘గొటే బెసి కెమితి, కన్నారావు?’ అంటాడు, ఒకడెక్కువెలాగయ్యేడని. నాకేటి తెల్సు? గోడ దూకి లోపలికొచ్చినోడెవుడైనా ఉన్నాడేటని గోడెంట సూసొచ్చేను కూడాను. తీరా క్లాసు గదిలో, నాలుగో వరసలో, నేల మీద మేస్టారు. ఆరిదీ తెల్ల లాల్చీ, ఖైదీలవీ తెల్ల బట్టలే, నాను ఎనకనించి వీపులు లెక్కెట్టేను. బోర్డు కాడ నించున్నోడు సన్యాసయ్య. లక్ష్మీపూర్ వోడు, తమ్ముడితో తగువులో సెయ్యి మించిపోయి లోపలికొచ్చేడు. రెండేళ్ళు ఆ క్లాసులో నోరిప్పనేదు. ఆరోజు ఆళ్ళ ఊరి సంత సరిత్ర సెప్తన్నాడు, కొండమీదోళ్ళు పసుపు దింపితే ఈడి ముత్తాత ఉప్పు కొలిచీవోడట. లెండి బాబూ, లెక్క తేడా వొచ్చిందంటే మీ తాతగారు, ‘ఉండవయ్యా, ఇప్పుడు నేను లేస్తే వాడు ఆగిపోతాడు’ అన్నారు.

జైలర్ మండిపడ్డాడు. ఇంకోసారి లెక్క తప్పితే క్లాసు మూసీమన్నాడు. మేస్టారు కింద కూకోడం మాననేదు, వారానికొకడ్ని బోర్డు కాడికి తోలీవోరు. నానే దార్లోకొచ్చేను. శనివారమైతే లెక్కెట్టి, ఆకర్న ఒకటి తీసీసీవోణ్ణి. తొమ్మిదేళ్ళు తీసేను. పైకి గొణిగీవోణ్ణి గానీ, నాకూ ఆ క్లాసంటే ఇష్టమేనమ్మి, తలుపు కాడ నించుని ఇనీవోణ్ణి.

మేస్టారు పోయింది బుదవారం. శనివారం ఎవులూ పిలవకండానే అందరూ వొచ్చి వరసల్లో కూకున్నారు. నాను లెక్కెట్టేను, ఒకటి తీసీసేను. ఒకడు తగ్గేడు. ఎవుడు పారిపోయేడ్రా అని అరిసేను. సన్యాసయ్య లేసి నాలుగో వరసలో ఆళ్ళు ఒదిలీసిన జాగా సూపించేడు.

...నువ్వూ కిందే కూకుంటావు, నాకు తెల్సు. ఆ కొత్త వార్డర్‌కి ముందే సెప్పెట్టు. టీ తాగమ్మి, సల్లారిపోతంది.