తాతకి గుర్రం లేదు

ఆదివారం పొద్దున నౌపడ ఉప్పు మడుల గట్టు మీదకి బడి మాస్టారు గణపతిరావు, పరీక్ష ఫలితం చూసుకోడానికొచ్చిన పిల్లాడిలాగ, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. మడిలో ఉప్పు లాగుతున్న తాయారు పని ఆపలేదు.

"నేను రాసింది ఇరవై పేజీల పిల్లల పుస్తకం. అందులో అన్నీ తప్పులేనన్నావట, నిజమా తాయారమ్మా?"

"అన్నీ అని ఎవులన్నారు బావు? నాలుగో అయిదో."

"చెప్పు. సిగ్గుపడ్డానికే కదా ఇంత దూరం నడిచొచ్చాను."

"శ్రావణ మాసంలో ఉప్పు లాగుతన్నారని రాసినారు. ఆనల్లో ఉప్పెక్కడుంటాది మాస్టారూ? కరిగి కాలవలో పోతాది."

"ఏం తెలివి నాది! పుట్టింది ఈ నౌపడలోనే, ఉప్పు మటుకు కిరాణా కొట్లో చూసాను. ఇంకా?"

"మీ తాత బూట్లేసుకుని మడిలోకి దిగినాడని ఉన్నాది. బూట్లతో దిగితే మడి అడుగు పాడైపోతాది. తిట్టి తరిమీస్తారు."

"ఆ సంగతి తెలిసే కదా చెప్పులు చేత్తో పట్టుకున్నాను."

"గట్టు మీద ఏసుకోవచ్చు మాస్టారూ. మడిలోనే వద్దు."

"అదీ తెలీదు నాకు. కానీ, ఇంకా?"

"మీ తాత గుర్రమెక్కి తెల్లదొర మీదకి పోయినాడని..."

"అది చరిత్రమ్మా."

"మా అత్త యిని పడీపడీ నవ్వింది."

"నారాయణమ్మగారు నవ్వారా? ఎందుకట?"

"ఆయనికి మేకని సూస్తేనే బయ్యమంట. ఈ ఉప్పు మడుల గేటు కాడ కాపలా ఉండి, పేదోల్లు ఉప్పు మూట ఎత్తుకెల్తంటే సూడనట్టు అటేపు తిరిగి నిలబడీవోడంట. మా అత్తకి ఆల్లమ్మ సెప్పిందంట."

"అటు తిరిగి నిలబడ్డాడా? అంతేనా?"

"అదేటి తక్కువా? దొర సూస్తే నౌకరీ పోయీది."

"నిజమే. గుర్రం కన్నా అదే బాగుంది. మా వంశంలో ఒక్క వీరుడైనా ఉండాలని నేనే ఎక్కించాను. బొమ్మలేసినాయన్ని బతిమాలి మీసాలు కూడా పెట్టించాను. ఏ పేజీ అది? పెన్నుతో దిద్దుకుంటాను."

"అదే... గుర్రం బొమ్మున్న కాడ."

"గుర్రం ఆరు పేజీల్లో ఉంది."

"అయితే ఆరూ తీసీండి."

"సరే, తీసేస్తాను. అసలు సంగతికి రా. కుమారి చదివిందా?"

"ఎండ ముదిరిపోతంది మాస్టారూ. నీడ కాడికి పదండి."

"మీ అమ్మాయి చదివిందా అని."

"ఇంటికాడుంది. మేకకి ఆకెయ్యమన్నాను."

"తాయారమ్మా, రెండేళ్ళుగా కుమారి నా క్లాసులో ఒక్క అక్షరం పలకలేదు. లెమ్మంటే లేస్తుంది, కాలి బొటనవేలు చూసుకుంటుంది. ఈ పుస్తకం రాసిందే అలాంటి పిల్లల కోసం. సొంతూరి కథైతే నోరు విప్పుతారేమోనని. అందుకే శుక్రవారం మొదటి కాపీ దాని చేతిలో పెట్టాను. అది చదివితే రేపు బడిలో పంచుతాను. చదవలేదా, కాపీలన్నీ పల్లీల బండి దాలయ్యకి ఇచ్చేస్తాను. పొట్లాలకైనా పనికొస్తాయి."

"అలగనకండి."

"మరెలా అనను? చదివిందా, లేదా?"

"మా అత్త నవ్విందన్నాను కద."

"నారాయణమ్మగారికి ఎనభై ఏళ్ళు. ఆవిడ కోసం రాయలేదు. నువ్వు చదివి వినిపించావు, ఆవిడ విన్నారు, నవ్వారు, సంతోషం. పిల్ల మాత్రం ముట్టుకోలేదు. అంతే కదా?"

"ముట్టుకోకపోడం ఏటి? తలగడ కింద ఎట్టుకుని తొంగుంటంది."

"నిద్ర పట్టడానికి నా రాతలు బాగా పనికొస్తాయి. మా ఆవిడా అదే అంటుంది."

"అది కాదు మాస్టారూ... అది సదివిందనుకోండి. ఏటి సేస్తారు?"

"ఏం చేస్తాను? క్లాసు ముందు నిలబెట్టి చదివిస్తాను. అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాను."

"అదే. అందుకే."

"అందుకే ఏమిటి?"

"ఏటీ నేదు."

"పోనీలే. నాకు ఏడుపొస్తోంది గానీ, ఈ వయసులో గట్టు మీద నిలబడి ఏడిస్తే బాగోదు. ఇదిగో కాగితం. ఆ తప్పులన్నీ నీ చేత్తో రాసివ్వు. నా పొగరణగడానికి గోడకి అతికించుకుంటాను. పుస్తకాలు మటుకు సాయంత్రానికి దాలయ్య బండి మీద ఉంటాయి."

"నాను రాయనేను."

"చేతులు ఉప్పుగా ఉన్నాయా? కడుక్కుని రాయి."

"సేతులు కాదు..."

"మొహమాటమెందుకు? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం గుండ్రంగా చేస్తావు కదా."

"దాన్ని అందరి ముందూ నిలబెట్టనని ముందు ఒట్టెయ్యండి. తప్పు సదివితే నవ్వుతారని దానికి బయ్యం. మీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది."

"ఏం చెప్పొద్దని?"

"ఒట్టెయ్యండి."

"సరే, ఒట్టు. మా తాత మీద ఒట్టు. గుర్రం లేని తాత మీద."

"నాకు ఆ సంతకం తప్ప ఇంకో అచ్చరం రాదు మాస్టారూ. మా అత్తకి అదీ రాదు. మీ పుస్తకం మొదట్నించి సివరిదాకా, మా ఇద్దర్నీ కూకోబెట్టి, మూడు మాట్లు, కుమారే సదివి యినిపించినాది."