అసిరయ్య వంటింటి మీద ఎర్ర గీత

ఊరికే ఇచ్చే వస్తువంటే అసిరయ్యకి మొదటినుంచీ అనుమానమే. ముప్ఫై ఏళ్లు కర్మాగారంలో రిగ్గరుగా బరువులెత్తించి రిటైరైన మనిషి, గొలుసు కొత్తదైనా సరే, ఒకసారి లాగి చూడందే హుక్కుకి తగిలించేవాడు కాదు. అలాంటివాడి ముందు, టాటా పట్టణంలో భాలుబాసా బస్తీ చివర రత్నం టీ కొట్టు బల్ల మీద, గౌరీశంకర్ చాపంత కాగితం పరిచి, ఇది ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేరుతో గీసిన మ్యాపు, కింద సంతకం పెట్టు మావా అంటే ఆయన పెన్ను ముట్టుకుంటాడా?

సంగతేమిటంటే, బస్తీకి కొత్త నాలా తవ్వాలి. వానాకాలం వచ్చిందంటే మోకాల్లోతు మురుగు ఇళ్లలోకి వచ్చేస్తోంది. నాలా ఎటు తీసుకెళ్లాలో తేల్చమని బస్తీ కమిటీ గౌరీశంకర్‌కి చెప్పింది. అతను అగ్రికో కాలనీలో తండ్రి క్వార్టర్లో ఉంటూ, సాక్చీలో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతాడు. మ్యాపు మీద నాలా అంటే ఎర్ర గీత. అది పైనుంచి తిన్నగా వచ్చి, బస్తీ మైదానం దగ్గర ఎందుకో చటుక్కున పక్కకి వంగి, అసిరయ్య వంటింటి మీంచి పోయి, మళ్లీ తిన్నగా సాగింది. వంటిల్లు పడగొడితే ఆయనకి మిగిలేది ఒక్క గది. తక్కినవాళ్లంతా కాగితంలో తమ ఇల్లెక్కడుందో వెతుక్కుని, దొరగ్గానే మురిసిపోయి, పక్కకి చూడకుండా సంతకాలు పెట్టేశారు. మిగిలింది అసిరయ్య ఒక్కడే. ఆయన సంతకం పడితే సోమవారం తవ్వకం మొదలు.

"ఊరికే ఎందుకిత్తార్రా? ఇచ్చినోడికి ఏటి లాభం?" అన్నాడు అసిరయ్య.

"అదే కదా మావా దాని గొప్ప. దేశదేశాలవాళ్లు కూడబలుక్కుని రాసిన సాఫ్ట్‌వేరది. లోపల ఏటి రాసుందో ఎవడైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, పక్కోడికి కాపీ చేసివ్వొచ్చు. మా ఇన్‌స్టిట్యూట్‌లో మూల పడేసిన కంప్యూటరొకటుంది, బూజు పట్టి, ఆన్ చేస్తే ముసలాడిలా మూలుగుతాది, దాన్లో ఎక్కించాను. ఎక్కదు వదిలెయ్ అన్నారందరూ. మూడు రోజులు కూచున్నాను. ఎక్కిందా లేదా?"

"ఎక్కే ఉంటాదిలే," అన్నాడు భీమారావు. ఆయన అసిరయ్యతో కలిసి పనిచేసిన క్రేన్ డ్రైవరు. గౌరీశంకర్ మాట్లాడుతూంటే ఆయనకి పొద్దు తెలియదు.

అంతవరకూ అసిరయ్య కూడా నమ్మాడు. కుర్రాడు తెలివైనవాడే, కాదనలేం.

"ఎక్కాక ఊరుకుంటానా? జీపీఎస్ అని, అరచేతిలో పట్టే యంత్రం, మనం నిలబడ్డ చోటు ఎక్కడో చెప్తాది, అది పట్టుకుని బస్తీ మొత్తం కాలినడకన తిరిగాను. ఆరువందల గడపలు. ఒక్క తలుపు వదల్లేదు."

"మా తలుపు తట్టినట్టు గుర్తు లేదే," అన్నాడు అసిరయ్య.

"మీరు నిద్దరోతన్నారు మావా. పెద్దాయన్ని లేపడం దేనికని, చప్పుడు చెయ్యకుండా చూరు కింద కొలిచేసుకుని వచ్చేశాను."

పగటిపూట నడుం వాల్చే అలవాటు అసిరయ్యకి పుట్టి బుద్ధెరిగాక లేదు. మ్యాపు తనవైపు తిప్పుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధి చివర ఒక నల్ల కుక్క వెంటబడింది. నేను పరుగు, అది పరుగు, సీదా జుగ్సలాయి దాకా తరిమింది. అక్కడి గోదాములు, సందులు మీకు తెలుసు కదా, ఒక్క సందు వదలకుండా తిప్పింది నన్ను. చేతిలో జీపీఎస్ ఆన్‌లోనే ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే ఏటుంది, జుగ్సలాయి బజారు మ్యాపు మొత్తం తయారు. సర్వే వాళ్లకి ఆర్నెల్లు పట్టే పని, కుక్క పుణ్యాన గంటన్నరలో అయిపోయింది."

భీమారావు తొడ మీద చరుచుకుని నవ్వాడు. రత్నం గ్లాసులు కడుగుతూ, "ఆ కుక్కకేనా ఓ బిస్కెట్టు పెట్టేవా?" అంది.

"ఇంక నీరెటు పారుతాదో తెలియాలి కదా. భోరున వాన. నా కుడికాలి చెప్పు నీళ్లలో వదిలేసి దాని వెనకే నడిచాను. చెప్పు సువర్ణరేఖ నదిలో పడింది. నేనూ పడ్డాను. ఘాట్‌శిలా దాటింది, బాలాసోర్ దాటింది, సముద్రంలో కలిసింది. పల్లం లెక్క అంగుళాల్తో సహా తేలిపోయింది. ఒంటి చెప్పుతో రైలెక్కి టాటా వచ్చాను. వచ్చి చూస్తే సాఫ్ట్‌వేరులో తప్పు దొరికింది. దిద్ది పంపించాను. జర్మనీ నించి ఫోను, గౌరీశంకర్ జీ, మీరు లేకపోతే ప్రపంచంలో నదులన్నీ తప్పుదారి పట్టేవి అని."

"జర్మనీవాడికి జీ అనడం ఎలా వచ్చింది?" అంది రత్నం.

"నేర్చుకుని మరీ చేశాడు."

అసిరయ్య తల ఎత్తలేదు. డ్రాయింగులు చదవడం ఆయనకి కొత్త కాదు. చేతిపంపు దగ్గర వేలు పెట్టి, అక్కణ్ణించి తన ఇంటికి వచ్చాడు. ఇంటి పక్కన మైదానం ఉండాలి. మైదానం మధ్యలో మేడ గుర్తుగా గులాబీ రంగు వేసిన పెద్ద డబ్బా ఉంది. ఎర్ర గీత దాన్ని తప్పించుకోవడానికే తన వంటింటి మీదికి వంగింది. ఏ బిల్డరో మైదానం కాజేసి, ఇంకా కట్టని మేడని ముందే కాగితం మీదకి ఎక్కించేశాడా? దానికి ఈ కుర్రాడు చెయ్యి కలిపాడా? ఆలోచించేకొద్దీ అనుమానం ముదిరింది.

"గీత ఇక్కడెందుకు వంగింది?" అన్నాడు నెమ్మదిగా.

"అది నేను వంచింది కాదు మావా. కంప్యూటరుకి చెప్పాను, నీరు పల్లానికే పోవాలి, పెద్ద పక్కా మేడ అడ్డొస్తే చుట్టూ తిరుగు, చిన్న రేకుల ఇల్లయితే మీంచి పో అని. అది వెయ్యి దార్లు వెతికి ఈ దారి తీసింది. దాంతో వాదించడానికి లేదు. మొన్న మ్యాపులో దల్మా కొండ నాలుగడుగులు పక్కకి పడింది. మ్యాపు తప్పన్నారు. కాదు, కొండే తప్పుందన్నాను. వెళ్లి కొలిస్తే నిజంగానే జరిగుంది. ఏనుగులు ఏళ్ల తరబడి ఒకవైపే వీపు రుద్దుకుంటే జరగదేటి మరి?"

"కొండ జరిగిందా?" అన్నాడు భీమారావు. ఈసారి ఆయన నవ్వులో కొంచెం తడబాటుంది.

"కొండ సంగతి వదిలెయ్యండి, శాటిలైట్ సంగతి వినండి. ఫోటో మసగ్గా ఉందని రాశాను. వాళ్లు ఆ శాటిలైట్‌ని నా కోసం భాలుబాసా మీద గంటసేపు ఆపారు."

"ఆగుతాదేట్రా అది?" అన్నాడు భీమారావు.

"మామూలుగా ఆగదు. నా మాట మీద ఆగింది. దసరా సెలవులు, ఆకాశంలో మబ్బు తునక లేదు. భీమారావు మావ ఆరేసిన లుంగీ మీద గళ్లు లెక్కపెట్టుకున్నాను, నూటనలభై."

దసరా అన్న మాట దగ్గర అసిరయ్య వేలు ఆగిపోయింది. గులాబీ డబ్బాని మళ్లీ చూశాడు. ముందు వెడల్పు భాగం, రెండువైపులా రెండు రెక్కలు, వెనక సన్నటి గది. బిల్డరు అనుమానం తీరిపోయింది. దాని స్థానంలో కోపం వచ్చింది, ఒళ్లంతా మండే కోపం. అయినా గొంతు పెంచలేదు.

"గౌరీ, ఆరువందల గడపలు తొక్కేనన్నావు. ఇదిగో, ఈ మేడ తలుపు కూడా తట్టేవా?"

గౌరీశంకర్ మ్యాపు మీదకి వంగి చూశాడు. "తట్టకుండా ఎలా గీస్తాను మావా? మూడంతస్తులు. పాలరాతి మెట్లు. కాంట్రాక్టరు సోమేశ్వరరావు గారిది, లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన. లోపలికి పిలిచి కూచోబెట్టి రసగుల్లాలు పెట్టారు. పై అంతస్తు ఎక్కి నలుమూలలా కొలిచాను. నాలా మీ గోడకి తగలనివ్వనని మాటిచ్చి మరీ వచ్చాను."

రత్నం గ్లాసు కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. భీమారావు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మ్యాపులో తన ఇల్లు కాక ఇంకోటి చూడటం ఆయనకి అదే మొదటిసారి.

"బావా, ఇది మన మైదానం కాదూ? మైదానంలో మేడేటి?"

"పూజ పండాల్," అన్నాడు అసిరయ్య. "దసరాకి అమ్మవారి పందిరి రాజమహల్లా కట్టమన్నారు కదా, అది. వెదుళ్లు, గుడ్డ, సుతిలి తాడు. పాలరాయి లేదు, మెట్లు లేవు. ఈ రెండు చేతుల్తో నాను కట్టేను, పండగయ్యాక నానే విప్పేను. సాఫ్ట్‌వేరుని నానేటీ అనను. మేడుందని నువ్వు చెప్పేవు, అది నమ్మి చుట్టూ తిరిగింది. నువ్వు మాత్రం ఈ బస్తీలో ఒక్క గడప తొక్కలేదు. అగ్రికోలో కూచుని దసరానాటి ఫోటో మీద గీసీసి, గుడ్డ పండాల్ కోసం నా వంటిల్లు కూలగొట్టమంటన్నావు."

గౌరీశంకర్ గులాబీ డబ్బా మీద అరచెయ్యి కప్పాడు. "ఫోటోలో నీడ పొడుగ్గా పడింది మావా, మేడే అనుకున్నాను," అన్నాడు వినీ వినపడకుండా.

భీమారావు పెన్ను అందుకుని తన సంతకం మీద అడ్డంగా కొట్టేశాడు. గౌరీశంకర్ కాగితం చుట్టబోయి, ఆశ చావక, పెన్ను అసిరయ్య వైపు జరిపాడు. "కమిటీవాళ్లు సాయంత్రం అడుగుతారు. ఇప్పటికి పెట్టెయ్ మావా, గీత నేను తర్వాత సరిచేస్తాను."

అసిరయ్య పెన్ను తీసి జాగ్రత్తగా మూత పెట్టి, అతని చొక్కా జేబులో పెట్టాడు.

"పెడతాను నాయనా, ఎందుకు పెట్టను. ముందు ఆ సోమేశ్వరరావు గారి చేత పెట్టించుకుని రా. ఆయన కిందే నాను పెడతాను."