నిండా పోసిన టీ

మర్గిలాన్ పట్టణంలో ఆ ఇంటికి మొట్టమొదటిసారి విదేశీ యాత్రికులు భోజనానికి వచ్చి, ద్రాక్ష పందిరి కింద కూర్చున్నారు. కోడలు చంటిపాపను చంకనేసుకుని వంటింట్లో ఉన్న అత్తగారి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, కొంప మునిగింది! పాప ఏడుస్తుంటే ధ్యాస తప్పి, ఆ పెద్దాయన పియాలా నిండా టీ పోసేశాను."

"నిండానా? ఎన్నిసార్లు చెప్పానే, కొంచెం పోస్తే కూర్చోమని, నిండా పోస్తే లేచి పొమ్మని అర్థమని!"

"అందుకేగా నా భయం. ఇంకా పలావు వడ్డించనేలేదు."

"పైదేశం వాళ్లకు మన పద్ధతులేం తెలుస్తాయిలే."

"వాళ్లను తీసుకొచ్చిన గైడు షుహ్రత్ అన్నయ్యకు తెలుసుగా! దాని అర్థం వాళ్లకు చెప్పేశాడు. అందరూ నా వంకే చూశారు. ఇక మనింటికి ఎవరినీ తీసుకురాడు."

"పెళ్లయిన మర్నాడు మీ మామయ్యకూ నిండానే పోశావుగా."

"ఆయన నిజంగానే లేచి వెళ్లిపోయారుగా!"

"వెళ్లింది బజారుకే పిచ్చిదానా, నీకు ఖర్బూజా తేవడానికి. దారి పొడుగునా నవ్వుకున్నారట. సరే, తలుపు సందులోంచి చూడు, వాళ్లు లేచారా?"

"లేవలేదు. పెద్దాయన టీ మొత్తం తాగేసి, ఖాళీ పియాలా ఇటే చూపిస్తున్నాడు. షుహ్రత్ అన్నయ్య ఏదో అరుస్తున్నాడు."

"ఏమంటున్నాడు?"

"ఈసారి అడుగున ఒక్క గుక్కే పోయాలట. సాయంత్రం దాకా కదలరట!"

"అయితే పాపను ఇటివ్వు. పలావు పళ్లెం నువ్వే పట్టుకెళ్లు."