సెల్లారులో దొరికిన ఉపగ్రహాలు

చిప్పుల పెద్దాయన టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలు వేశాడంటే ఎదుటివాళ్ల గ్లాసులు చల్లారిపోవాల్సిందే. ఆ కొట్టు టీ వేడిగా ఉన్నా తాగేలా ఉండదు, అది వేరే సంగతి. రేపు పాత కంపెనీలో ఆయనకు సన్మానం, ఉపగ్రహాలను బట్టి దారి చూపే మొదటి చిప్పు చేసినందుకు. పక్కనే ఆయన చెల్లెలి భర్త కూర్చున్నాడు. ఆ చెల్లెలు చనిపోయి ఇంకా ఏడాది కాలేదు. ఒకప్పుడు ముగ్గురిదీ ఒకే ల్యాబు.

"నేను చేసిందల్లా చిన్న పనేనయ్యా. అప్పట్లో రిసీవరంటే బీరువా అంత. దాన్ని గోటి మీద పట్టేలా చేశాను, అంతే."

"అంతేనా!" అన్నాడు ఎదురుగా కూర్చున్న మంగలి.

"అంతే అయితే సన్మానం ఎందుకయ్యా? ఉపగ్రహం సిగ్నలంటే సంతలో చీమ తుమ్మినట్టు ఉంటుంది. నా చిప్పు దాన్ని చెట్టు కింద పట్టింది, రేకుల షెడ్డులో పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెల్లారులోకి దింపాను. పైన ఆరంతస్తుల కాంక్రీటు! చోటు చెప్పడానికి నాలుగు ఉపగ్రహాలు చాలంటే పదకొండు వచ్చి వరుసలో నిలబడ్డాయి. పైదేశాలవాళ్లు ఫోను చేసి, అయ్యా, మావన్నీ మీవైపే వచ్చేస్తున్నాయి, కాస్త వదలండి అని ఒకటే ఏడుపు."

"వదిలారా మరి?" అన్నాడు మంగలి పక్కనున్న టైలరు.

"రెండు వదిలాను. పాపం కదా!"

బెంచీ అంతా నవ్వింది. చెల్లెలి భర్త నవ్వలేదు. ఆ చిప్పులో సిగ్నలు వెతికే భాగం గీసింది తన భార్య. వంటింటి గట్టు మీద కాగితాలు పరుచుకుని గీసేది, వాటి నిండా నూనె మరకలు.

"బావగారూ, సెల్లారులో దాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పారుగా. తెర మీద చోటు మారిందా?"

"ఎందుకు మారుతుంది బావా? అంత నిలకడ దానిది!"

"డాబా మీది యాంటెన్నా సిగ్నలును పరీక్షల కోసం కిందికి తెచ్చి వదిలే పెట్టె ఆ గదిలోనే ఉంది. మీరెక్కడ నిలబడినా అది డాబానే చూపించింది. ఒక్కసారి వీధిలోకి తీసుకెళ్లి చూద్దాం అన్నయ్యా అని మీ చెల్లెలు బతిమాలింది. మీరు డైరెక్టరు గదికి పరుగెత్తారు. కొనేవాళ్లొచ్చి వీధిలో పెట్టి చూస్తే ఒక్క ఉపగ్రహమూ అందలేదు. అప్పుడు ఏమన్నారు మీరు?"

పెద్దాయన కాలు దించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు బావా..."

"గీసింది మా చెల్లెలండీ, అన్నారు. దాని ఉద్యోగం పోయింది. ఇంట్లో కూర్చునే తప్పు సరిచేసి మళ్లీ మీ చేతికే ఇచ్చింది, అన్నయ్య కదా అని. ఈసారి చిప్పు పనిచేసింది. అప్పుడు మాత్రం చిప్పు మీదైంది."

టైలరు గ్లాసు కింద పెట్టేశాడు. చెల్లెలి భర్త ఇంకా ముగించలేదు.

"పోయిన మనిషిని మీరేం తిరిగి తేనక్కర్లేదు. రేపు అక్కడ దాని పేరు చెబుతారా, చెప్పరా?"

పెద్దాయన ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"నాకు మాట్లాడ్డానికి ఐదు నిమిషాలే ఇచ్చారు బావా."