పన్నెండు లైన్ల మార్పు

"ఎందుకయ్యా అలా మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు? బుజ్జమ్మని పైన ఆఫీసులో విచారిస్తున్నారు, అంతేగా! మందు ఎక్కించే పంపులో వైరు ఊడినా 'అంతా బాగుంది' అని చూపించిందట, ఆ పిల్ల కోడ్‌లో చేసిన మార్పు వల్లేనట. పేషెంటు ఎలాగో గట్టెక్కాడు కదా. నేనుండగా దాని ఉద్యోగం పోనిస్తానా?

ఇరవై ఏళ్లుగా పరికరాల్ని నడిపే ప్రోగ్రాముల్లో, అదే డ్రైవర్ల కోడ్‌లో, మనవాళ్ల తప్పులు పట్టే పనే నాది. ఓసారి ఒకాయన నాలుగు లైన్లు పీకేసి, శుభ్రం చేశానంటూ పంపాడు. పరికరం మొరాయిస్తే అప్పటిదాకా తీసుకున్న మెమరీ వెనక్కివ్వాలా వద్దా? ఇవ్వలేదు! ఒక్క చూపులో పట్టేశాను."

"అబ్బో," అన్నాడు టీ కొట్టాయన.

"అప్పుడే అబ్బో అంటే ఎలా? తర్వాత తర్వాత చూడటం కూడా మానేశా. పక్క గదిలో టైప్ చేస్తున్న చప్పుడు విని, 'నాయనా, ఎర్రర్ వచ్చినా బాగుందనే చెబుతున్నావు, దిద్దుకో' అని గోడ ఇవతల నుంచే కేకేసేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ ప్రింటరు, నేను మెట్లెక్కుతున్న అలికిడికే హడలిపోయి, తన డ్రైవర్లో తప్పు తనే దిద్దుకుని, క్షమాపణ పత్రం అచ్చేసి పెట్టింది!"

"తెలుగులోనా గురువుగారూ?"

"చక్కటి తెలుగులో! ఒక్క అక్షర దోషం లేదు!"

ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడే టెస్టింగ్ అక్క పైనుంచి దిగొచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గురువుగారూ, బుజ్జమ్మ మార్పు కింద 'చదివాను, సరిగ్గా ఉంది' అని మీ పేరుంది. నిజంగా చదివారా?"

గురువుగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"పన్నెండు లైన్లేనమ్మా. ఆ పిల్ల రాసిందాంట్లో ఎప్పుడూ తప్పు దొర్లలేదు. 'బాబాయ్, తొందరేం లేదు, నింపాదిగా చూడండి' అని కూడా రాసింది. చూడలేదు. దాని పేరు చూసి నా పేరు పెట్టేశాను. భయంగా ఉందమ్మా. ఈ వయసులో తీసేస్తే నన్నెవరు పెట్టుకుంటారు? నా గురించి అడిగారా?"

"అడిగారు. మీరు సరిగ్గానే చూశారని బుజ్జమ్మ చెప్పింది. మీరు చూశాక, మీకు చెప్పకుండా తనే మళ్లీ మార్చిందట. అదే ఇప్పుడు కాగితం మీద రాసిస్తోంది."

గురువుగారు బెంచీ అంచుకి జరిగి చెయ్యి చాపారు.

"కాస్త చెయ్యివ్వమ్మా," అన్నారు. "పైకెళ్లాలి."