అడవి సినిమాలో నేను కోసేసిన మొహం

సభకి అధ్యక్షులైన మన ల్యాబు యజమానిగారికి, ముఖ్య అతిథిగా దయచేసిన హీరోగారికి, ముందు వరుసల్లోని పెద్దలకి, కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ నా తోటివాళ్ళకి... ఈ ల్యాబులో ఫిల్ము నెగటివ్‌లు కోసి అతికించే మీ కత్తెరక్క నమస్కారాలు.

నా రిటైర్మెంటుకీ, మన పాత అడవి సినిమా డిస్కు విడుదలకీ కలిపి ఒకటే సభ పెట్టారు. నా ఒక్కదాని కోసమైతే ఇన్ని కెమెరాలు రావని మేనేజరు బాబుకి తెలుసు. (నవ్వులు) నవ్వకండి, నిజమే కదా!

ఇందాక హీరోగారు చెప్పారు, అడవిలో దారి తప్పిన ఆ మనిషి పాత్ర కోసం ప్రాణాలకి తెగించి జలపాతం మీంచి తానే దూకానని. డిస్కు అట్ట మీదా అదే అచ్చేశారు. ఎంత చక్కగా చెప్పారండీ, నాకే ఒళ్ళు జలదరించింది! ఆ పూట ఆయన అతిథి గృహంలో కూర్చుని, స్నానానికి నీళ్ళు కాగలేదని వంటాయన మీద ఎగురుతున్నారని కెమెరామెన్‌గారు నాకు చెప్పి ఉండకపోతే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. (నవ్వులు, చప్పట్లు)

దూకింది డూపు. ఆ మూడో వరుస చివర, చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడే, ఆ అన్నయ్య. బండకి తగిలి మోకాలు చితికిపోయినా పాక్కుంటూ ఒడ్డెక్కి, "షాటు బాగా వచ్చిందా?" అన్నట్టు కెమెరా వైపు చూశాడు. నెగటివ్‌లో జుట్టు తెల్లగా, మొహం నల్లగా కనిపిస్తుంది కదా, అయినా ఆ నొప్పి తెలిసిపోయింది నాకు.

అప్పటి నిర్మాత నా బల్ల దగ్గరికొచ్చి, "ఈ మొహం ఎవరి కంటా పడకూడదు, కోసి పారెయ్" అన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో కోశాను. అందరినీ ఎద్దేవా చేస్తున్నాను గానీ, ఆ అన్నయ్యని సినిమాలోంచి తీసేసింది ఈ చేతులేనండీ. పారెయ్యలేక మాత్రం ఆ ముక్కని డబ్బాలో దాచాను.

మొన్న మేనేజరు బాబు వచ్చి, "అక్కా, సినిమాలో లేని ముక్కలేమైనా ఉంటే ఇవ్వు, డిస్కులో అదనంగా వేద్దాం" అన్నాడు. ఇచ్చాను. అందులో ఏముందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. మహానుభావులు! ఇప్పుడు మీ అందరి చేతుల్లోని డిస్కుల్లోనూ ఆ ముక్క ఉంది. ఇంటికెళ్ళి చూడండి, ఒడ్డెక్కింది ఎవరో.

బాబూ, నావైపలా చూడకు. రేపటి నుంచి నేను నీ కింద పనిచెయ్యను కదా! (నవ్వులు)

అయ్యో, హీరోగారూ, అప్పుడే లేచారేం? ఏదో పనుందా? పాపం, వెళ్ళిరండి. మెట్ల దగ్గర జాగ్రత్త, ఇక్కడ డూపు లేడు. (పెద్దగా నవ్వులు)

అన్నయ్యా, నువ్వు పైకి రా. తొందరేం లేదు, మెల్లగా రా. ఎవరైనా ఆయనకి చెయ్యందించండి. ఇదిగో, ఈ కుర్చీ ఖాళీ అయింది, కూర్చో. ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది, నన్ను క్షమించు.

(చప్పట్లు)

ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. ఈ ల్యాబులో నేను చెయ్యాల్సిన పని ఇవాళ్టితో పూర్తయింది. సెలవు.