రాదన్న పని

కొండల మధ్య రాళ్ల దారి. జీపు ఒక పక్కకి జాకీ మీద లేచి ఉంది. ఊడదీసిన వెనక టైరు నేల మీద, దానికి చెరో పక్కన బావా, బావమరిదీ. కాబోయే పెళ్లికూతురు జీపుకి అవతలి వైపు నీడలో దుప్పటి ముసుగుతన్ని పడుకుంది.

"నువ్వు కూర్చో బావా. తెలీని పనిలో వేలు పెట్టకు."

"కూర్చునే ఉన్నా. ఆ ట్యూబు మెలిక పడింది చూసుకో."

"నీకెలా తెలుసు?"

"ఎవడికైనా కనిపిస్తుంది. పొద్దు వాలుతోందిరా, ఇందాకట్నుంచి దాంతోనే కుస్తీ పడుతున్నావు."

"నాకూ అంతంతమాత్రమే వచ్చు మరి. ప్యాచీ వేశాను, ట్యూబు పెట్టాను, ఇక టైరు అంచు రిమ్ములోకి ఎక్కించడమే. పెళ్లికొడుకువి కదా, కాస్త బెట్టుగా కూర్చో."

"పెళ్లికొడుకేంటి, మీ నాన్న ఇంకా ఊ అననే లేదు."

"నేను ఊ అంటే ఆయన ఊ అంటాడు. ఇంట్లో కాలు పెట్టగానే అడుగుతాడు, ఏరా, చిన్నదాన్ని కూడా అతనికే ఇద్దామా అని. అందుకేగా పొద్దున్నుంచి నన్ను తెగ కాకా పడుతున్నావు."

"కాకా ఏముందిరా ఇందులో. మీ చెల్లి సుఖపడాలని నీకు మాత్రం ఉండదా?"

"ఉంది కాబట్టే ఇక్కడున్నాం. స్టెప్నీ ఏదని అడగవేం బావా?"

"మర్చిపోయి ఉంటావు."

"మర్చిపోలేదు. ఇంటి దగ్గరే దించేసి వచ్చాను. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు కూడా స్టెప్నీ లేదు కదా."

"ఇప్పుడా సంగతెందుకు?"

"ఇదే దారి. ఇదే బండి. ఇలాగే టైరు పంచరు. టైరు విప్పే లివర్లున్నాయి, ప్యాచీలున్నాయి, పంపుంది. పాము కరిచిన మనిషి సీట్లో ఉంది. నువ్వేమో..."

"రాదురా. నాకు ఈ పని రాదని ఎన్నిసార్లు చెప్పాలి? క్వారీ ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఏదో ఒక లారీ రాకపోతుందా అని చూశాం. లారీ వచ్చేసరికి..."

"వచ్చేసరికి అక్క లేదు. చెల్లీ అదే చెప్పింది. అక్క తల ఒళ్లో పెట్టుకుని అది కూర్చుందట, నువ్వు రోడ్డు మీద గుండెలు బాదుకుంటున్నావట. అది చెప్పబట్టే నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను, మొన్నటిదాకా."

"మొన్నటిదాకా అంటే? మొన్నేమైంది?"

"ఏం కాలేదులే. కాస్త పక్కకి జరుగు, ఇక్కడ అంచు బిగుసుకుంది... అబ్బా."

"ఏంట్రా?"

"లివరు జారింది. వేళ్లు... వేళ్లు లోపలున్నాయి బావా."

"లాక్కో."

"రావట్లేదు. పట్టేసింది. తెగిపోతాయి బావా, నాలుగు వేళ్లూ తెగిపోతాయి."

"ఆగు, లాగకు. లాగావంటే తోలు ఒలుచుకుని వస్తుంది. ఆ రెండో లివరు నీ కాలి దగ్గరుంది, ఇటు తన్ను. ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు కదలకు."

"బావా..."

"నోర్మూసుకో. తొక్కుతున్నా. లేస్తోంది. తియ్యి. తియ్యరా."

"వచ్చాయి."

"వంచు. ఒక్కొక్కటీ వంచి చూడు. విరగలేదుగా?"

"లేదు. గోళ్లు నల్లబడ్డాయి, అంతే."

"నీళ్లు పోసుకో. బుద్ధుందా నీకు, అంచు ఎక్కించేటప్పుడు ఎవడైనా లోపల చెయ్యి పెడతాడా?"

"పెట్టకూడదా?"

"పెట్టకూడదు."

"ఎక్కడ తొక్కావు బావా?"

"ఎక్కడంటే?"

"నా వేళ్లు ఇటుంటే నువ్వు నా వైపు రాకుండా అటువైపు అంచు తొక్కావు. పని రానివాడు ఇక్కడే పట్టుకుని లాగుతాడు, వేళ్లు ఊడొచ్చేదాకా లాగుతాడు. అటు అంచుని రిమ్ము గాడిలోకి దింపితే ఇటు వదులొస్తుందని నీకెవరు చెప్పారు?"

"ఏదో, ఆ క్షణానికి తోచింది."

"కుర్చీలో కూర్చుంటే తోచిందా?"

"ఒరేయ్, నీ వేళ్లు కాపాడితే నన్నే..."

"వేళ్లు పొరపాటున పడలేదు. నేనే పెట్టాను. నువ్వూ చెల్లీ క్వారీ క్వార్టర్సులో గదులు చూసుకుంటుంటే టైర్లో మేకు దిగ్గొట్టింది కూడా నేనే."

"పిచ్చెక్కిందా నీకు? చేతులు పోయుండేవి."

"పోతే పోయేవి. నువ్వు బెంబేలెత్తిపోయి చూస్తూ నిలబడితే, పాపం నిజంగానే రాదు అనుకుని నాన్న దగ్గర ఊ అనేవాణ్ణి. మొన్న టైర్ల షాపు ముసలాయన నిన్ను దూరం నుంచి చూసి, వీడు నా దగ్గర పనిచేసినవాడే, కళ్లు మూసుకుని జీపు టైరు విప్పేవాడు అన్నాడు. చూపు ఆనక పొరబడ్డాడనుకున్నాను."

"సరే. చేశాను. టైర్ల షాపులో మసి పూసుకున్నవాణ్ణని తెలిస్తే మీ నాన్న పిల్లనిచ్చేవాడా? అందుకని దాచాను. అదేమన్నా హత్యా?"

"పెళ్లికి ముందు దాచావు, సరే. అక్క నోట్లోంచి నురగ వస్తుంటే కూడా పరువు అడ్డొచ్చిందా?"

"చేతులు ఆడలేదురా. భయమేసింది."

"ఇప్పుడు బాగానే ఆడాయి. నా నాలుగు వేళ్లకి ఆడిన చేతులు అక్క ప్రాణానికి ఆడలేదా?"

"మెల్లగా. అది లేస్తుంది."

"లేవనీ. ఎలాంటివాడితో కాపురానికి సిద్ధపడిందో విననీ. ఒకదాన్ని పోగొట్టుకున్నాను, దీన్ని మాత్రం నీ చేతుల్లో పెట్టను. టైరెక్కించి మేమిద్దరం పోతాం, నువ్వు ఇక్కడే ఉండు. ఏదో ఒక లారీ రాకపోతుందా."

"నువ్వనుకుంటున్నట్టు కాదురా. ఆ రోజు నేను లివరు తీశాను. ఒట్టు. జాకీ కూడా ఎక్కించాను."

"ఎక్కించి?"

"అడక్కు."

"ఎక్కించి ఏం చేశావు?"

"అడగొద్దంటున్నానా. ఇంటికి పోదాం పద. పెళ్లి వద్దంటే మానేద్దాం, మీ నాన్నకి నేనే చెప్పుకుంటాను. నన్ను నాలుగు తన్నాలనుంటే తన్ను. ఇది మాత్రం అడక్కు."

"చేతకాక కాదు, అక్క బతకడం ఇష్టంలేక ఆపేశావు. అంతేగా? అది నా ముందు కాదు, దాని ముందు చెప్పు. చెల్లీ, లే. లేచి ఇలా రా. బావ నీకేదో చెప్పాలట."

"నిద్రపోతే కదా అన్నయ్యా లేవడానికి. బావ జాకీ ఎక్కించాక చెయ్యి పట్టుకుని ఆపింది నేను. రాదని చెప్పు చాలు, ఇంకేం చెయ్యొద్దన్నాను. అప్పుడు అక్క తల నా ఒళ్లోనే ఉంది. అక్క కూడా వింది."